సూది యిచ్చితిమి, కత్తెర యియ్యలేదు

వేసవి సెలవులు ముగియనున్న దినములలో నొకనాడు జనగామ జిల్లాలోని యొక మహిళా సంఘపు కుట్టు కేంద్రమునకు పోయితిని. గోడవారగా బడిపిల్లల యూనిఫారముల గుడ్డ తానులు తానులుగా పేర్చియుండెను. రెండు వరుసలుగా పదునాలుగు మిషనులుండెను. వాని ముందు పదునలుగురు స్త్రీలు చేతులు ముడుచుకొని కూర్చుండియుండిరి. కరెంటు ఉన్నది, దారమున్నది, గుడ్డ యున్నది, బడులు తెఱచు తేదీ తరుముకొని వచ్చుచున్నది. లేనివాడు కటింగు మాస్టరు ఒక్కడే. పట్టణమునుండి వచ్చు నాతడు బంధువుల పెండ్లికి పోయినందున పదునాలుగిండ్ల కూలి రెండు దినములు నిలిచిపోయినది. మీరే కత్తిరించుకొనరాదా యని నేనడుగగా, వారిలో పెద్దామె యిట్లనినది: "కుట్టుమంటే రాత్రంత కుడ్తం సారూ. కత్తెర పట్టాలంటే చెయ్యి వణుకుతది. తప్పువోతే గుడ్డ పైసలు ఎవరు కడ్తరు?"

ఆమె భయము న్యాయమైనది. కుట్టు తప్పినచో విప్పి మరల కుట్టవచ్చును. కత్తెర తప్పినచో గుడ్డ మరల అతుకదు. ఐనను, ఇన్ని యేండ్లుగా ఇన్ని పథకముల క్రింద ఇన్ని వేలమందికి కుట్టు నేర్పిన మనము, ఆ భయమును పోగొట్టు విద్యను మాత్రము వారికి నేర్పక విడిచితిమి. ఈ లోపమును గూర్చియే నేను వ్రాయుచున్నాను.

నేను మేర వృత్తి కుటుంబమున పుట్టినవాడను. మా తాత పండుగలకు ఊరివారి బట్టలు కుట్టి పంటకాలమున గింజలు కొలిపించుకొనిన తరమువాడు; మా నాయన జనగామ బజారులో దుకాణము పెట్టెను; నేను ఇరువదియవ యేట బెంగుళూరికి పోయి అచ్చటి రెడీమేడు దుస్తుల కర్మాగారములలో ఇరువదియెనిమిదేండ్లు ప్యాటర్ను మాస్టరుగా పనిచేసి తిరిగివచ్చితిని. ఈ వృత్తి పేరు చెప్పగానే చాలమంది, "అనగా దర్జీయే కదా" యందురు. దర్జీయు పూజ్యుడే. కాని ప్యాటర్ను మాస్టరు చేయునది బట్టను కాదు, బట్టకు పూర్వరూపమైన కాగితమును. దర్జీ దుకాణములందు దీనిని పేపరు కటింగు అందురు. మన ఇండ్లలో స్త్రీలు జాకెట్టు కుట్టించుకొనునప్పుడు కొలతకై ఇచ్చు పాత జాకెట్టును "ఆది" యనుట అందఱెఱిగినదే. ఒక ఆది ఒకే దేహమునకు చెందును. ప్యాటర్నన్ననో, వేలకొలది అపరిచిత దేహములకొఱకు కాగితముపై గీయబడిన ఆది.

ఈ పనిలోని క్లేశము ఎక్కడ నున్నదో చెప్పెదను. మనుష్య దేహమున సరళరేఖ యనునది లేదు. గుడ్డ యన్ననో పడుగు పేకల చతురస్రము. వంపులు గల దేహమును చదునైన గుడ్డతో కప్పవలెనన్నచో ఎక్కడ మడిచి డాటు పెట్టవలెనో, ఎక్కడ కోసి అతుకవలెనో, పోగును ఎక్కడ నిలువుగా నుంచి ఎక్కడ ఐమూలగా త్రిప్పి క్రాసు చేయవలెనో ముందుగా నెఱుగవలెను. ఛాతీ కొలతలో నాలుగవ వంతు తీసికొని, దానికి వదులు కలిపి, ఆపై కుట్టుకొఱకు విడువవలసినది విడుచుట మొదటి పాఠము. వదులు తక్కువైనచో ఊపిరాడదు; ఎక్కువైనచో బట్ట ఒంటిమీద నిలువదు. చేతిని తీసికొందము: చంక రౌండు చుట్టుకొలతకంటె చేతి పైవంపు కొంచెము దీర్ఘముగా నుండవలెను, ఆ అదనమును కుట్టునప్పుడు ముడుత పడకుండ ఇముడ్చవలెను, ఆ వంపు లోతు హెచ్చినచో చేయి పైకెత్తినప్పుడెల్ల చొక్కా నడుమునుండి పైకి లాగుకొనిపోవును. తరగతిలో చేయెత్తి జవాబు చెప్పు పిల్లవానికి ఆ చొక్కా ఎంత ఇబ్బందియో పెద్దలు తలంపరు.

తరువాతిది సైజుల పని. ఒక సైజునకును దాని పై సైజునకును ఛాతీ చుట్టు రెండంగుళములు భేదమున్నచో, నాలుగవ వంతు గీయు కాగితముపై పెరుగవలసినది అరయంగుళము. ఈ లెక్క పిల్లలకును తెలియును. కాని మెడ ఆ నిష్పత్తిలో పెరుగదు, భుజము పెరుగదు, చేయి నిడుపు వేఱొక నడకతో పెరుగును. అన్నిటిని ఒకే తీరున పెంచినవాడు పెద్ద సైజు చొక్కాకు ఏనుగు మెడను పెట్టును. గుడ్డ గుణమును గూడ కాగితమే మోయవలెను. ఉతికినప్పుడు నూటికి మూడు పాళ్లు కుంచించు నూలుగుడ్డతో ఇరువదియెనిమిదంగుళముల నిడుపు చొక్కా కుట్టినచో, మొదటి చాకిరేవులోనే ముప్పాతిక అంగుళమునకు పైగా తగ్గును. దానిని ముందే లెక్కించి కాగితమున కలిపినవాడే మాస్టరు.

ఇక కాగితపు ముక్కలను గుడ్డమీద పఱచుట. ఒకదాని వంపులో నొకదానిని ఇమిడ్చి, పోగు దారి తప్పకుండ, ఖాళీ మిగులకుండ పేర్చు ఈ పనిని కర్మాగారములలో మార్కరు వేయుట యందురు. చొక్కా ఒక్కింటికి ఐదు సెంటీమీటర్ల గుడ్డ మిగిలినచో పదివేల చొక్కాలకు 500 మీటర్లు మిగులును. దుస్తుల ఖరీదులో సగమునకు మించినది గుడ్డ ఖరీదే కావున, లాభనష్టములు మిషను మీదకంటె ముందు ఈ బల్లమీదనే తేలిపోవును. క్రీ.శ. 1580లో మాడ్రిడ్ నగరమున హువాన్ దె అల్సేగా యను దర్జీ ప్రకటించిన గ్రంథము, యూరపులో కత్తిరింపు విద్యపై అచ్చైన మొదటి పుస్తకములలో నొకటి, ప్రధానముగా ఈ పొదుపును గూర్చినదే. అటుపై 1863లో అమెరికా దర్జీ ఎబెనేజర్ బటరిక్ సైజులవారీ కాగితపు ప్యాటర్నులను అమ్మకమునకు పెట్టెను. ఇంటి స్త్రీ తన బట్టను తానే కత్తిరించుకొనగలుగుటకు ఆ పలుచని కాగితమే కారణమైనది.

మన దేశమున కత్తెర కొంత ఆలస్యముగా వచ్చినదనుట నిజమే. చీర కత్తెర నెఱుగదు, ధోవతి యెఱుగదు, మన కురుమలు నేయు గొంగడియు నెఱుగదు; మగ్గముమీదినుండి దిగినది దిగినట్లే దేహమును చుట్టుకొనును. ఐనను కత్తిరింపు విద్య మనకు పరాయిది కాదు. మహబూబాబాదు జిల్లాలో జనులలో మూడవ వంతునకు పైగా గిరిజనులే. వారిలో లంబాడీలు అధికులు. ఆ తండాలలో ముసలమ్మలు నేటికిని ధరించు కాంచళిని ఒకమాఱు విప్పి పఱచి చూడుడు. వీపు విడిచి త్రాళ్లతో ముడివేయు ఆ రవికను చిన్నచిన్న ముక్కలను జోడించి కుట్టుదురు. ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క స్థానము, ఒక్కొక్క రంగు. అద్దములు పొదుగు తావు వేఱు, కుట్టుపని సాగు తావు వేఱు. మిగిలిన పీలికయు వ్యర్థము కాదు. దానిని ఏ పుస్తకము చూచి కత్తిరించిరి? తల్లి చేయి చూచి కూతురు నేర్చినది. ఇరువదియెనిమిదేండ్లు విదేశీ చొక్కాల కాగితములు గీచిన నేను, మహబూబాబాదు సమీప తండాలో ఒక వృద్ధురాలి యొద్ద కాంచళి కత్తిరింపు చూచి అర్ధదినము కదలక కూర్చుంటిని. ఆ కత్తిరింపును కాగితమున కెక్కించిన సంస్థను నేనింతవరకు చూడలేదు. నేటి బాలికలు పంజాబీ డ్రెస్సులు తొడుగుచున్నారు. అది వారి యిష్టము, దానిని నేను తప్పుపట్టను. కాని ఆ ముసలమ్మలతోబాటు ఆ రేఖాజ్ఞానము కాటికి పోవుట మాత్రము మన అందఱి నష్టము.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తును. 2016 అక్టోబరు 11వ తేదీన విడిపోవుటకు ముందు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి యను ఈ మూడు జిల్లాలలో అధిక భాగము వరంగల్ జిల్లాయే. ఈ నేల పత్తి పండించును. ఆ పత్తి ఏనుమాముల మార్కెట్టునకు పోవును. వరంగల్లున 1934లో నిజాము కాలమున స్థాపింపబడిన అజంజాహి మిల్లు నూలు వడికి గుడ్డ నేసి వేలమందికి అన్నము పెట్టి 2002లో మూతపడినది. కొడకండ్ల వంటి ఊళ్ల నేతపనివారు సూరతు, భీవండి, షోలాపురములకు వలసపోయిరి. పత్తి మనది, నేత మనది; కత్తిరింపు మాత్రము ఎల్లప్పుడు వేఱొకచోటనే జరిగినది. గుడ్డను తానులుగా అమ్మి, దానినే చొక్కాగా కొనితెచ్చుకొనుట మనకు అలవాటైనది.

వలసలను మరలించు నాశతో 2017 అక్టోబరు 22వ తేదీన గీసుకొండ, సంగెం మండలముల నడుమ కాకతీయ మెగా జౌళి పార్కునకు శంకుస్థాపన జరిగినది. 2023లో కేంద్ర ప్రభుత్వము పీఎం మిత్ర పథకమున దానిని చేర్చినది. శిశువుల దుస్తులు కుట్టి అమెరికాకు పంపు కేరళ సంస్థ కిటెక్స్, కొరియా దేశపు యంగ్‌వన్ సంస్థ అచ్చట పెట్టుబడులు పెట్టినవి. వీనిని నేను మనసార ఆహ్వానించుచున్నాను. జనగామ ఆడబిడ్డ బెంగుళూరి ఇరుకు గదులలో ఆరుగురితో కలిసి అద్దెకుండక ఇంటినుండి బస్సెక్కి పనికిపోయి వచ్చుట చిన్న మేలు కాదు; ఆ ఇరుకు గదులను నేను కన్నులార చూచితిని. కాని ఆ కర్మాగారములకొఱకని మన యూళ్లలో నడుపు శిక్షణలు ఏమి నేర్పుచున్నవి? మిషను త్రొక్కుట, కాలరు కుట్టుట, కాజా తీయుట, గంటకిన్ని ముక్కలు దించుట. ప్యాటర్ను ఎక్కడ తయారగును? కొనుగోలుదారు దేశమునందో, సంస్థ ప్రధాన కార్యాలయమునందో. 1960ల చివర అమెరికాలో జోసెఫ్ గెర్బర్ కంప్యూటరు ఆజ్ఞతో గుడ్డను కోయు యంత్రమును నిర్మించిన నాటినుండి ప్యాటర్ను కాగితముగా గాక తంతి మార్గమున అంకెలుగా ప్రయాణము చేయుచున్నది. సియోలులో గీచినది క్షణమున గీసుకొండలో కోతకు సిద్ధమగును. ఐనచో జనగామలో గీచినది సియోలునకు పోరాదా? తంతికి దిక్కుల భేదము లేదు గదా.

విద్య చేతులు మాఱినప్పుడు ఏమి జరుగునో పొరుగు దేశము చూపినది. 1979లో బంగ్లాదేశమునకు చెందిన దేశ్ గార్మెంట్సు అను సంస్థ, కొరియా సంస్థ డేవూతో ఒడంబడిక చేసికొని, తన ఉద్యోగులను 130 మందిని బూసాన్ నగరమునకు ఆరు నెలల శిక్షణకు పంపినది. వారు అచ్చట నేర్చినది మిషను త్రొక్కుట మాత్రమే కాదు. ఒక చొక్కా ఆలోచనగా మొదలై ఓడనెక్కువఱకు నడుచు మార్గమంతయు చూచి నేర్చిరి. తిరిగివచ్చిన కొన్నియేండ్లకే వారిలో 115 మంది ఆ సంస్థను వీడి తమ సొంత పనులకో, క్రొత్త కర్మాగారములకో పోయిరి. సంస్థకది కష్టమే, కాని నేడు ప్రపంచమంతట బంగ్లాదేశ్ ముద్ర గల చొక్కాలు వేలాడుట కాద్యులు ఆ 130 మంది. ఒకవేళ వారికి కాలరు కుట్టుట మాత్రమే నేర్పి పంపియున్నచో వారు కాలరు కుట్టువారుగనే మిగిలెడివారు.

మన ఐటీఐలలో పూర్వము "కటింగ్ అండ్ సూయింగ్" అను కోర్సు ఉండెడిది. నేడు దాని పేరు "సూయింగ్ టెక్నాలజీ". పాఠ్యాంశములలో డ్రాఫ్టింగు ఇంకను కలదు, దానిని శ్రద్ధతో నేర్పు గురువులును కలరు. కాని పేరులోనుండి కత్తెర జారిపోయినప్పుడు మనస్సులలోనుండియు జారిపోవునేమోయని నా వ్యథ. భూపాలపల్లిలో సింగరేణి సేవాసమితి గని కార్మికుల ఇండ్ల స్త్రీలకు కుట్టు, మగ్గము పని నేర్పుచున్నది, మంచి పని. ఆ యిండ్ల ఆడపిల్లలలో పదవతరగతి, ఇంటరు చదివినవారు ఎందఱో కలరు. భిన్నములు, నిష్పత్తులు, వృత్తఖండములు వారికి క్రొత్త కావు. ప్యాటర్ను గీయుటకు కావలసిన గణితము అంతకు మించి లేదు. చేతిలో విద్య యున్నది, తలలో లెక్క యున్నది. ఆ రెంటిని ఒక బల్లమీదకు తెచ్చువాడు లేడు.

దీనికి సందేహము చెప్పువారు కలరు. కర్మాగారమున కుట్టువారు వందలమంది కావలెను, ప్యాటర్ను మాస్టర్లు ఇద్దఱో ముగ్గురో చాలుదురు; ఇద్దఱి కొఱకు వందమందికేల నేర్పవలెనందురు. లెక్క సరియైనదే, దాని నుండి తీసిన ఫలితము సరికాదు. నేను కోరునది కర్మాగారమున ఉద్యోగము కొఱకు మాత్రమే కాదు. యూనిఫారములు కుట్టు మహిళా సంఘమునకు జతకు ఇచ్చు కూలి 50 రూపాయలుండగా 2024లో రాష్ట్ర ప్రభుత్వము దానిని 75 చేసినది; సంతోషము. కాని ఆ సంఘము ఎన్నటికిని జతకింత అను కూలిమీదనే యుండవలసినదేనా? ఆస్పత్రి గౌనులు, కార్మికుల పనిదుస్తులు, శిశువుల చొక్కాలు తామే గీచి, తామే కోసి, తామే కుట్టి అమ్ముకొనవలెనన్నచో మొదట చేతిలో నుండవలసినది ప్యాటర్ను. అది లేనివారు పరుల గుడ్డకు, పరుల కోతకు కుట్టు వేయువారే యగుదురు. కటింగు మాస్టరు పెండ్లికి పోయినప్పుడు పస్తుండువారే యగుదురు.

మఱియొక విషయము చెప్పక విడువలేను. ఆ జనగామ కేంద్రమున మూలనున్న అట్ట ముక్కలను తీసి కొలిచి చూచితిని. అవి అసలు ప్యాటర్నులు కావు. ఒకరి ముక్కపై మఱియొకరు సుద్దతో గీచి, గీత వెలుపలగా కత్తిరించి, ఆ నకలునుండి మరల నకలు తీసిన అట్టలు. సుద్దగీత మందము ప్రక్కకొక అంగుళములో పదునాఱవ వంతనుకొన్నను, ఐదవ నకలు నాటికి ముక్క వెడల్పు అరయంగుళమునకు పైగా పెరుగును. ముందు వెనుక ముక్కలు రెండును కలిసినప్పుడు చొక్కా చుట్టుకొలత అంగుళమునకు పైగా పెరిగిపోవును. పిల్లలు జారిపోవు చొక్కాలతో బడికి పోవుటకు కుట్టువారి చేతకానితనము కారణము కాదు. వారికొక నికరమైన ఆది నిచ్చినవారు లేరు.

ఆ ఆది యెట్లు వచ్చును? భారతీయుల దేహ కొలతలకై జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) చేపట్టిన ఇండియా సైజ్ సర్వే హైదరాబాదుతో సహా ఆఱు నగరములందు 15 నుండి 65 ఏండ్ల లోపు వయసు గల 25,000 మందిని కొలుచుటకు ఉద్దేశింపబడినది. ఎంతో ఉపకారియైన ప్రయత్నము. కాని ఏడేండ్ల బాలిక అందు రాదు, మహబూబాబాదు జిల్లా గూడూరు మండలపు తండాయు అందు రాదు. ఐతే మనకు క్రొత్త సర్వేలే అక్కఱలేదు. నేను చూచిన కేంద్రములలో స్త్రీలు బడికి పోయి పిల్లవాని ఛాతీ, నడుము, నిడుపు, చేయి కొలిచి చీటీలపై వ్రాసికొనివత్తురు. దుస్తులు ముగియగానే ఆ చీటీలు ఊడ్పులో పోవును. ఆ చీటీలను దాచుడు. తరగతివారీగ, వయసువారీగ ఒక పుస్తకమున కెక్కింపుడు. మూడు జిల్లాలలో రెండేండ్లు దాచినచో మన బిడ్డల దేహములనుండి పుట్టిన మన సైజుల పట్టిక సిద్ధమగును.

ప్రతి జిల్లా కేంద్రమున ఒక ప్యాటర్ను గది కావలెను. అందుకు మహాసౌధము అక్కఱలేదు: నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల నిడుపు గల బల్ల, బ్రౌను కాగితపు చుట్ట, వంపు స్కేళ్లు, ఒక కంప్యూటరు, కాగితము గీయు ప్లాటరు. కుట్టు వచ్చి లెక్క వచ్చిన స్త్రీలను ఇరువదిమందిని ఆఱు నెలలు అందు కూర్చుండబెట్టవలెను. నేర్పుటకు బెంగుళూరు, తిరుపూరులనుండి తిరిగివచ్చిన నావంటివారు ఈ జిల్లాలలో అనేకులు కలరు. తప్పు కత్తిరింపుకు పాడగు గుడ్డ ఖర్చును ఆ గదియే భరింపవలెను. ఇది అన్నిటికంటె ముఖ్యమైన నిబంధన. గుడ్డ పైసలు ఎవరు కట్టుదురను భయము పోనిదే ఏ చేయియు కత్తెర పట్టదు.

నేను పనిచేసిన గదులలో ప్యాటర్ను మీద వ్రాయు పద్ధతి యొకటి కలదు: ముక్క పేరు, సైజు, ఎన్ని ముక్కలు కోయవలెనో ఆ సంఖ్య, పోగు దారి చూపు బాణము, కొనుగోలుదారు నంబరు. గీచినవాని పేరు వ్రాయుట లేదు. గడచిన చలికాలమున మహబూబాబాదు సమీపమునుండి ఒక లంబాడీ అమ్మాయి వారమునకు రెండు దినములు మా యింటికి వచ్చి నేర్చుకొనసాగినది. మూడవ నెలలో తానై ఒక పిల్లల చొక్కా గీచినది. చేతి పైవంపు దగ్గఱ రెండుమాఱులు తప్పి, రెండు గజముల గుడ్డ చెఱిచి, మూడవమాఱు కోసి కుట్టి తన తమ్మునికి తొడిగి చేతులెత్తించి చూచినది. చొక్కా నడుమునుండి కదలలేదు. అప్పుడు కాగితముపై "ముందు భాగము, 28, రెండు ముక్కలు" అని వ్రాసి, బాణము గీచి, కొనుగోలుదారు నంబరు వ్రాయవలసిన చోట ఏమి వ్రాయవలెనని నన్నడిగినది. నీ యూరి పేరు వ్రాయుమంటిని. ఆమె తన తండా పేరు వ్రాసి, దాని క్రింద చిన్న అక్షరములతో తన పేరును వ్రాసి, నా బెంగుళూరి ప్యాటర్నులు వ్రేలాడు కొక్కెమునకే దానిని తగిలించినది.